రెండంచుల గుడ్డ

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"అంత గట్టిగా మూయకు. నిద్రలో వాల్చినట్టు ఊరికే వాల్చు."

"ఆ నిద్రే వస్తే నీ డబ్బా ముందు ఎందుకు కూర్చుంటానురా?" అంది అక్క.

బొంగరం స్విచ్చి నొక్కాడు. పెద్ద నూనె డబ్బాకు మూతా అడుగూ కోసేసి, చుట్టూ నిలువుగా చీలికలు తీసి, పాత టేబుల్ ఫ్యాను మోటారు మీద నిలబెట్టాడు దాన్ని. పైనుంచి డబ్బా లోపలికి బల్బు వేలాడదీశాడు. డబ్బా మొదట బద్ధకంగా కదిలింది. వెలుగు చారలు చారలుగా గోడ మీద, బీరువా మీద, అక్క ముఖం మీద పాకింది. వేగం అందుకునేసరికి చారలన్నీ కలిసిపోయి గదంతా రెపరెపలాడే ఒకే వెలుగైంది. అతను ఒక చెయ్యి రెగ్యులేటరు మీద ఉంచి ఆమె రెప్పల వంకే చూస్తున్నాడు. రెండో చేతిలో రంగు సుద్దముక్కలున్నాయి.

కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం అతని పని. పళ్ళెం దొరికినా, సైకిలు చక్రం దొరికినా ఒకసారి తిప్పి చూడందే కింద పెట్టడు కనక ఇంటా బయటా అందరూ బొంగరం అనే అంటారు.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"ఉండరా... ఏదో ఎర్రగా... ఎరుపు కాదు, నారింజ. గళ్ళు. అమ్మో, గళ్ళలోంచి గళ్ళు పుడుతున్నాయి!"

"నిలువు గళ్ళా, ఐమూల గళ్ళా?"

"ఐమూల. పడుగు నారింజ, పేక నెమలికంఠం. ఎవరు నేశార్రా దీన్ని?"

"నువ్వే నేస్తున్నావు. కళ్ళు తెరవకు."

అతను గచ్చు మీద మోకాళ్ళు ఆనించి, ఆమె చెప్పింది చెప్పినట్టు గీస్తున్నాడు. రెగ్యులేటరు కొంచెం తగ్గిస్తే గళ్ళు పూలయ్యాయి. ఇంకొంచెం తగ్గిస్తే పూలు విచ్చుకుని, నీళ్ళలో రాయి వేసినట్టు ఉంగరాలయ్యాయి. అక్క భుజాలు కిందికి దిగాయి. పొద్దుటినుంచి బిగపట్టిన దవడ వదులైంది. అతను కాచుకుని ఉన్నది దానికోసమే.

"పైన?"

"పైనా పూలే."

"కుడివైపు?"

"నిండా."

"ఎడమవైపు?"

"అక్కడేం లేదు."

"లేదంటే? నల్లగా ఉందా?"

"నలుపు కూడా కాదు. నీ వీపు వెనక నీకు నలుపు కనిపిస్తుందా? ఏమీ కనిపించదు కదా. అలా."

బొంగరం సుద్దముక్క గాల్లోనే ఆగింది. గచ్చు మీద గుండ్రంగా వచ్చిన బొమ్మకు ఎడమపక్క ఎవరో కొరికేసిన రొట్టెలా ఖాళీ మిగిలింది. "బల్బు వాలింది," అన్నాడు తనలో తాను. "కుడిపక్కకి వాలుంటుంది. సరిచేస్తాలే."

వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడైంది. బావ రొట్టెల వ్యాను నడుపుతాడు. ఆయన లోపలికి వచ్చేముందే ఆయన చొక్కాకు పట్టిన బేకరీ వాసన వస్తుంది.

"ఏమోయ్ బావమరిదీ, మీ అక్కని ఇంకా తిప్పుతూనే ఉన్నావా?"

"తిరిగేది డబ్బా బావా, అక్క కాదు."

"ఏమోలే. పెళ్ళైనప్పటినుంచీ నన్ను తిప్పుతోంది, ఇప్పటికి తన వంతు వచ్చిందనుకున్నా." చెప్పులు మూలకు విసిరి ఆయన స్టూలు లాక్కున్నాడు. "లే, నేను చూస్తా. అసలు వీడు ఇది కనిపెట్టింది నా వ్యానులో. పక్క సీట్లో కునుకుతూ, చెట్ల సందుల్లోంచి ఎండ రెప్పల మీద పడుతోంటే, బావా బావా పూలు పూలు అని ఒకటే కేకలు. యాక్సిడెంటు చేయించేవాడే."

కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"వైపర్లోయ్. జోరు వాన, రెండు వైపర్లు."

"ఎడమవైపు కూడానా?"

"ఎడమది కొంచెం బాగానే తుడుస్తోంది."

బొంగరం లేచి, బావ తల ఎక్కడి దాకా వచ్చిందో జానతో కొలిచాడు. "మీరు పొడుగు. అందుకే వెలుగు సమంగా పడుతోంది. అక్క స్టూలు కింద చెక్క వెయ్యాలి. లేకపోతే డబ్బాకి ఎడమవైపే ఏదో తేడా ఉంది."

"గిరగిరా తిరిగే డబ్బాకి కుడేంటోయ్, ఎడమేంటి?" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. నవ్వి, తడిగుడ్డ తెచ్చి గచ్చు మీది బొమ్మ తుడిచేసింది.

"అయ్యో అక్కా, అది రేపటిదాంతో పోల్చుకోవాలి!"

"రేపు మళ్ళీ గీసుకో. కాళ్ళకి రంగులు అంటుతున్నాయి."

అన్నం దగ్గర అక్క పని మాట మళ్ళీ వచ్చింది. అక్క బట్టల మిల్లులో చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటుంది. నేసి వచ్చిన గుడ్డ ఆమె కళ్ళముందు నడుస్తూ పోతుంటే తెగిన పోగులు, నూనె మరకలు, ముడులు పట్టుకుని వాటి మీద స్టిక్కర్లు అంటించాలి. ఈమధ్య ఆమె చూసి పంపిన ఒక గుడ్డ థాను, లోపాలున్నాయని కొన్నవాళ్ళ దగ్గరనుంచి వెనక్కి వచ్చింది. ఇంకొకటి వస్తే టేబుల్ మీదనుంచి లేపి వేస్టు గదికి పంపిస్తామన్నారు. ఆ గదిలో పని చేసేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది దుమ్ము ఊడుస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి టేబుల్ దగ్గరికి రాలేదు.

"నిద్ర లేకే కదా," అన్నాడు బొంగరం. "నిద్ర పడితే చూపు అదే కుదురుకుంటుంది."

"కన్ను మూస్తే గుడ్డ నడుస్తుందిరా. పగలంతా చూసిన గుడ్డే మళ్ళీ. దాన్ని వదిలి ఎలా పడుకోను? చెయ్యి దానంతటదే లేస్తుంది."

"నా వీపు నిండా స్టిక్కర్లే," అన్నాడు బావ. "బొటనవేలితో టప్‌మని నొక్కుతుంది. రాత్రంతా నాలో లోపాలు పట్టుకుంటూనే ఉంటుంది పాపం."

"కలలో గుడ్డ ఎలా ఉంటుంది?" బొంగరం కలుపుతున్న ముద్ద ఆపి అడిగాడు. ఎవరి కల గురించి అయినా వింటే అతని ముఖం అలాగే వెలిగిపోతుంది. పొద్దున్నే పాలవాణ్ణి కూడా, కలలో రంగులు వచ్చాయా, చప్పుడు వచ్చిందా అని అడుగుతాడు.

"చక్కగా ఉంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. టేబుల్ మీదకన్నా బాగా కనిపిస్తుంది."

"బాగానా? టేబుల్ మీదకన్నానా? అంటే చూసేది కన్ను కాదన్నమాట. లోపల ఇంకేదో..."

"ముద్ద తినరా ముందు," అంది అక్క.

మర్నాడు పొద్దున ఆమె పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తోంది. రాత్రి గుడ్డ రాలేదట. ఉంగరాలు వచ్చాయట, వాటిని లెక్కపెట్టబోయి నిద్రపోయిందట. బొంగరం టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఒక చిన్న గంతు వేశాడు.

ఆ రోజు పనికి వెళ్ళలేదు. బల్బుకు రెండు తీగలు కట్టి సరిగ్గా నడిమధ్యకు లాగాడు. స్టూలు కింద చెక్క వేశాడు. సాయంత్రం అక్క కూర్చుంటే మళ్ళీ అదే ఖాళీ. కొత్త డబ్బా తెచ్చాడు. మేకుతో గీతలు గీసి, రేకు కత్తెరతో చీలికలు తీసి, అరగుండ్రపు ఆకురాయితో ఒక్కో అంచూ వేలికి గుచ్చుకోనంత నునుపుగా రాశాడు. రేకు పొడి మోచేతుల దాకా అంటింది. చీలికలు ఒకే వెడల్పు ఉన్నాయో లేదో అగ్గిపుల్ల దూర్చి చూసుకున్నాడు. అక్క మళ్ళీ కూర్చుంది. పూలు వచ్చాయి, ఉంగరాలు వచ్చాయి. ఎడమవైపు ఏమీ రాలేదు.

"పోనీలేరా, మూడొంతులు వస్తోందిగా. చాలదూ?"

"చాలదు. ఈ రేకు మందం ఎక్కువైంది."

"అంతే అయ్యుంటుంది," అంది అక్క.

రోజూ సాయంత్రం అతను గీసేవాడు, రోజూ పొద్దున ఆమె తుడిచేసేది.

మిల్లునుంచి కబురొచ్చింది: చెకింగ్ గదిలో ఒక టేబుల్ మోటారు కాలిపోయింది. బొంగరం పనిముట్ల సంచీ తీసుకుని వెళ్ళాడు. పాడైనది అక్క టేబుల్ కాదు, పక్కది. అతను దాని కింద వెల్లకిలా దూరి బోల్టులు విప్పుతూంటే, సందులోంచి అక్క టేబుల్ మొత్తం కనిపిస్తోంది.

వాలుగా పెట్టిన పాలరంగు అద్దం, దాని వెనక ట్యూబులైట్లు. అద్దం మీదుగా తెల్లటి గుడ్డ పైనుంచి కిందికి జారుతూ రోలుకు చుట్టుకుంటోంది. కుడి సగం అక్కది. ఎడమ సగం ఆమె పక్క స్టూలు మీద కూర్చున్న పొడుగమ్మాయిది. అక్క దగ్గరే పని నేర్చుకుందా పిల్ల, అందుకని పిన్నీ అని పిలుస్తుంది. ఇద్దరి ఎడమ మణికట్లకూ ఎర్ర స్టిక్కర్ల చుట్టలు గాజుల్లా వేలాడుతున్నాయి.

అక్క పని అతను అంతకుముందు చూడలేదు. గుడ్డ ఆగదు, చూపు ఆగదు, నోరు ఆగదు. పొడుగమ్మాయి ఏదో చెబుతోంది.

"మా అత్త నిన్న ఏమందో తెలుసా పిన్నీ? నీకు గుడ్డలో పోగు కనిపిస్తుంది గానీ అన్నంలో రాయి కనిపించదా అంది."

"అన్నం కింద కూడా ట్యూబులైటు పెట్టమనకపోయావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే అక్క కుడివైపు టప్‌మని ఒక స్టిక్కరు నొక్కింది. తర్వాత తల పూర్తిగా ఎడమకు తిప్పింది. గింజ కోసం కోడి తల వాల్చినట్టు ఉంది ఆ తిప్పడం. మళ్ళీ నిటారైంది. మళ్ళీ తిప్పింది. బొంగరం చేతిలో పానా ఆగిపోయింది.

గుడ్డ నడిమధ్య, అక్క వైపు, నూనె మరక ఒకటి దిగుతోంది. పెసరగింజంత ఉంది. అంత దూరంనుంచి, అదీ టేబుల్ కింద పడుకుని ఉన్నవాడికి కనిపిస్తోంది. అక్క చూపు సూటిగా ముందుకుంది. మరక ఆమె ఎడమపక్కగా దిగుతోంది. దిగుతోంది. అక్క చెయ్యి లేవలేదు. పొడుగమ్మాయి కబుర్లు ఆపకుండానే కుడిచెయ్యి అడ్డంగా చాపి, అక్క సగంలోకి వచ్చి, మరక మీద స్టిక్కరు అంటించి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్క ఆ చేతిని చూసి, చూపు మళ్ళీ గుడ్డ మీద పెట్టింది. ఎంతకాలంనుంచో అలవాటైన పనిలా ఉంది అది.

మళ్ళీ ఒక ముడి వచ్చింది. మళ్ళీ ఆ చెయ్యి వచ్చింది. ఈసారి అది వెనక్కి వెళ్ళేలోపు, ఎడమ అంచు దగ్గర తెగిన పేక సన్నటి గీతలా దిగి రోలులోకి వెళ్ళిపోయింది.

"ఆపండి," అన్నాడు వెనకనుంచి సూపర్‌వైజరు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

టేబుల్ ఆగింది. ఆయన రోలును వెనక్కి తిప్పించి గీతను వేలితో చూపించాడు. "ఇది ఎవరి వైపమ్మా?"

"నాదే సార్," అంది పొడుగమ్మాయి.

"నీ వైపు ఇది పోతుంటే, నీ చెయ్యి ఆవిడ వైపు ఏం చేస్తోంది?"

పొడుగమ్మాయి అక్క వంక చూడలేదు. కావాలనే చూడలేదని బొంగరానికి తెలిసింది. "ఆటలాడుతున్నా సార్. తప్పైపోయింది."

"ఆటలాడుకోవడానికి వేరే గది ఉంది. పద."

అక్క స్టిక్కర్ల చుట్టను మణికట్టు చుట్టూ తిప్పుతూ కూర్చుంది. బొంగరం టేబుల్ కింద విప్పిన బోల్టు పట్టుకుని అలాగే పడుకున్నాడు. బయటికి వచ్చి తను ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి? పొడుగమ్మాయి స్టిక్కర్ల చుట్ట తీసి స్టూలు మీద పెట్టి, పైటకొంగు ముక్కుకు అడ్డంగా బిగించుకుంటూ ఆయన వెనకే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను అక్కని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. డబ్బాను ఆమె కుడిపక్కకు జరిపాడు.

"ఎక్కడ ఖాళీ?"

"ఎడమవైపు."

డబ్బాను తలకిందులు చేసి పెట్టాడు. "ఇప్పుడు?"

"ఎడమే."

మోటారు ఆపాడు. డబ్బా తన ఊపులో ఇంకా కాసేపు తిరిగింది. గిరగిరా తిరిగే డబ్బాకి కుడేంటోయ్, ఎడమేంటి?

"అక్కా, కళ్ళు తెరువు. నన్నే చూడు. నా చేతిలో ఏముంది?"

"ఏ చేతిలో?" అంది అక్క.

అతని చెయ్యి ఆమె ఎడమ చెవి దగ్గర, ఆకురాయి పట్టుకుని ఉంది. దాన్ని మెల్లగా ముందుకు తెచ్చాడు. ఆమె ముక్కుకు ఎదురుగా రాబోతుంటే అప్పుడు రెప్ప కొట్టింది. "ఆకురాయి," అంది.

అతను ఆకురాయి గచ్చు మీద పెట్టాడు. "ఎప్పటినుంచి?"

"ఏమో. మొదట గుమ్మాలు తగిలేవి. గుమ్మం ఇరుకనుకున్నాను."

"నాకు చెప్పొచ్చు కదే! నేను డబ్బా మీద డబ్బా కోస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నువ్వు డబ్బాదే తప్పంటుంటే వినడానికి బాగుండేదిరా," అంది అక్క.

కంటి ఆసుపత్రిలో బావ వాకిట్లోనే ఉండిపోయాడు, వ్యాను అడ్డంగా ఉందని. బొంగరం లోపలికి వెళ్ళాడు. చీకటి గదిలో ఒక మిషను ఉంది. తెల్లటి పెద్ద గిన్నెను పక్కకు పడుకోబెట్టినట్టు ఉంది. అక్క గడ్డం దాని అంచున ఆనించి, ఒక కంటికి గంత కట్టి, చేతికి బటన్ ఇచ్చారు. గిన్నెలో ఎక్కడో ఒకచోట మిణుగురులా వెలుగు చుక్క పడుతుంది. కనిపిస్తే నొక్కాలి.

అతను తలుపు దగ్గర నిలబడి చూశాడు. చుక్క ఇక్కడ పడుతుంది, అక్కడ పడుతుంది, ఏదీ వరస ఉండదు. వరస తెలిస్తే మనిషి ముందే నొక్కేస్తాడు కదా. భలే చేశారనుకున్నాడు. వెంటనే సిగ్గేసింది. చుక్కలు ఎడమకు వెళ్ళినప్పుడల్లా బటన్ చప్పుడు ఆగిపోతోంది. మొదట అతనే ఊపిరి బిగపట్టి, నొక్కు, నొక్కు అని లోపల అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు.

డాక్టరమ్మ తెరమీద కుడికంటి ఫలితం చూపించింది. గుండ్రటి బొమ్మ. ఎడమపక్క కొరికేసినట్టు నలుపు. ఆ కొరుకు ఎక్కడ లోతో, ఎక్కడ వంకరో అతనికి చూడకుండానే తెలుసు. రోజూ సాయంత్రం సుద్దముక్కతో దాని అంచు వెంబడే గీశాడు.

"ఎడమకన్ను దాదాపు పోయినట్టే. కుడికన్ను ముక్కువైపునుంచి మొదలైంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. నొప్పుండదు, అందుకే ఎవరూ త్వరగా రారు," అంది డాక్టరమ్మ. "పోయింది రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవాలి. చుక్కలమందు మానకూడదు."

"నేనొక మిషను చేశానమ్మా," అన్నాడు బొంగరం. డబ్బా గురించి, బల్బు గురించి, రెప్పల మీద వెలుగు గురించి చెప్పాడు. "దానివల్ల గానీ..."

ఆమె శ్రద్ధగానే విన్నది. "కాదు. ఇది ఏళ్ళనుంచి జరుగుతున్నది. మీ మిషనువల్ల కీడేం జరగలేదు." కలం మూత పెట్టి, దయగానే అంది, "మేలు కూడా ఏం ఉండదు."

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. సాయంత్రపు ఎండ చెట్ల సందుల్లోంచి వాళ్ళ ముఖాల మీద కొట్టుకుంటోంది. ఎవరూ కళ్ళు మూసుకోలేదు.

"మిల్లులో చెప్పకు," అన్నాడు బావ, రోడ్డు వంకే చూస్తూ. "మందు వేసుకో, పని చేసుకో. ఎవడికి తెలుస్తుంది? తల కాస్త ఎక్కువ తిప్పు. ఏమోయ్, ఏదైనా చెప్పవేం? అద్దమో ఏదో బిగించి, ఎడమవైపుది కుడివైపుకి కనిపించేట్టు చెయ్యలేవా? అన్నీ చేస్తావుగా!"

బావ హారన్ కొట్టాడు. ముందు ఎవరూ లేరు.

తీగ చుట్టడం అయ్యాక మోటారు బిగించడానికి అతను మళ్ళీ మిల్లుకి వెళ్ళాడు. అక్క పక్క స్టూలు మీద కొత్తమ్మాయి ఉంది. బుద్ధిగా తన సగమే చూసుకుంటోంది. అక్క తల ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ తిరుగుతోంది. మెడ నరం ఉబ్బింది. అప్పటికే ఆమె కనుకొలకుల్లో నీళ్ళు. అది ఏడుపు కాదు, రెప్ప వాల్చకుండా చూడడంవల్ల. అయినా ఒక ముడి దిగిపోయింది. బొంగరం చూశాడు. అక్కకి అది తెలియలేదు. కానీ ఏదో ఒకటి పోతోందని మాత్రం తెలుసు. అది ఆమె కూర్చున్న తీరులోనే ఉంది.

ఉన్నట్టుండి ఆమే టేబుల్ ఆపింది. లేచి సూపర్‌వైజరు దగ్గరికి నడిచింది. బొంగరం పానా వదిలేసి వెనకే వెళ్ళాడు.

"సార్, ఆ పిల్లది తప్పు కాదు. నాకు ఎడమవైపు కనపడదు. నావి కూడా తనే చూస్తూ వచ్చింది. దాన్ని వెనక్కి పిలవండి."

సూపర్‌వైజరు చెడ్డమనిషి కాడు. ఆయన ముఖంలో కోపం లేదు, చిరాకు కూడా లేదు. చేతిలో పెట్టకూడని వస్తువు ఎవరో పెట్టినట్టు చూశాడు.

"ఇది నాకెందుకు చెప్పావమ్మా?" అన్నాడు. "చెప్పకపోతే ఏదో నడిచేది. విన్నాక నిన్ను ఎలా కూర్చోబెట్టను?"

"నన్ను వద్దు సార్. దాన్ని..."

"దాని చోటు ఇచ్చేశాం కదా. ఈ పిల్లని లేపి దాన్ని కూర్చోబెడితే ఈ పిల్ల ఏం తప్పు చేసింది?" ఆయన బొంగరం వంక తిరిగాడు. "మీ అక్కే కదా? ఇంటికి తీసుకెళ్ళు. కళ్ళు బాగైతే రమ్మను."

బాగయ్యే కళ్ళు కావని ముగ్గురికీ తెలుసు.

వేస్టు గది గుమ్మంలో పొడుగమ్మాయి చీపురు పట్టుకుని నిలబడి ఉంది. కనురెప్పల వెంట్రుకల నిండా దూది. అంతా విన్నది.

"చెప్పేశావా పిన్నీ? ఎవరడిగారు నిన్ను? నేనిక్కడ పడి దగ్గుతున్నది ఎందుకనుకున్నావు, నువ్వెళ్ళి చెప్పేస్తావనా?" అని గట్టిగా అంది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అక్క చెయ్యి పట్టుకుంది. "మెట్టుంది. ఎడమపక్క మెట్టుంది, చూసుకో."

అక్క ఇంట్లోనే ఉంటోంది. డాక్టరమ్మ చెప్పినట్టే చుక్కలు వేసుకుంటోంది. గిన్నెలు తోమిందే మళ్ళీ తోముతోంది. బావ జోకులు వేస్తున్నాడు గానీ, ఏది వేసినా సగంలో వదిలేస్తున్నాడు. బొంగరం డబ్బాలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి బీరువా మీదికి ఎక్కించాడు. పాలవాణ్ణి కలల గురించి అడగడం మానేశాడు. పాలవాడే ఒకరోజు ఆగి, తనకు నీళ్ళలో ఎగిరినట్టు కలొచ్చిందని చెప్పాడు. బొంగరం ఊఁ అన్నాడు.

ఒక సాయంత్రం అతను పనినుంచి వచ్చేసరికి డబ్బా గది మధ్యలో మోటారు మీద నిలబడి ఉంది. అక్కే దింపి, దుమ్ము తుడిచి, స్టూలు వేసుకుని కూర్చుంది.

"తిప్పరా," అంది.

"ఎందుకక్కా? దానివల్ల మేలు లేదందిగా డాక్టరమ్మ."

"మేలు కోసం కాదు. తిప్పు."

అతను స్విచ్చి నొక్కాడు. వెలుగు రెపరెపలాడింది.

"పూలు వచ్చాయా?"

"వచ్చాయి. పూలొద్దు." అక్క కళ్ళు మూసుకునే ఉంది. "రాత్రి పడుకుంటే గుడ్డ రావట్లేదురా."

"మంచిదేగా. నిద్ర పడుతోందన్నమాట."

"పడుతోంది. గుడ్డే రావట్లేదు. టేబుల్ దగ్గరికి వెళ్ళి చూస్తేనే కదా, అది రాత్రికి వచ్చేది. ఎన్నాళ్ళుగానో అదొక్కటే నాకు పూర్తిగా కనిపించేది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా." ఆమె అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. "నువ్వు తెప్పించగలవా?"

నిద్ర రానివ్వని ఆ గుడ్డను ఆపడానికే అతను ఇదంతా మొదలుపెట్టాడు. రేకు కోశాడు, ఆకురాయి పట్టాడు, ఆ గుడ్డ ఎక్కడ ఆగుతుందో వెతికి వెతికి ఆ వేగం పట్టుకున్నాడు. అది ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఎప్పుడూ వెతకలేదు.

"చూస్తాను," అన్నాడు.

రెగ్యులేటరు తగ్గించాడు. పూలు పోయాయంది. ఇంకా తగ్గించాడు. గళ్ళు పోయాయంది. ఉత్త తెలుపంది, వచ్చిపోతోందంది. "ఇంకా నిదానం. గుడ్డ అంత వేగంగా నడవదురా." అతను చివరిదాకా తిప్పాడు. మోటారు మూలిగి, డబ్బాను లాగలేక ఆగిపోయింది. కాలిన వాసన రాబోతుంటే తీగ పీకేశాడు. బల్బు ఒక్కటే వెలుగుతోంది.

అక్కకి చెప్పలేదు. డబ్బా అంచును రెండు అరచేతులతో పట్టుకుని తనే తిప్పడం మొదలుపెట్టాడు. మిల్లులో టేబుల్ కిందనుంచి చూసిన వేగం గుర్తు తెచ్చుకుని, అంతే నిదానంగా, ఆగకుండా. రేకు బల్బు వేడికి కాలుతోంది. ఒక్కో చీలిక ఆమె ముఖం మీదుగా వెళ్ళింది, వెలుగు, నీడ, వెలుగు.

"ఏమైనా..." అని అడగబోయి ఆగాడు.

అక్క వీపు నిటారైంది. కుడి మోకాలి మీద బొటనవేలు టప్‌మని నొక్కింది. అతను తిప్పుతూనే ఉన్నాడు. కాసేపటికి మళ్ళీ నొక్కింది. ఆ తర్వాత ఎడమచెయ్యి లేచింది. ఎడమ మోకాలికి ఆ చివరన, ఎక్కడో అంచు దగ్గర, బొటనవేలు గట్టిగా ఆనించి నొక్కింది.

తల మాత్రం తిప్పలేదు.